పాతికేళ్లకే బట్టతల.. గుండు కొట్టించేసుకోవాలా? ఇంకొన్నాళ్లు ఆగాలా? తేల్చుకునే ముందు ఇవి తెలుసుకోండి

ఇంటర్‌లో ఒత్తుగా ఉన్న జుట్టు బీటెక్ అయ్యేసరికి పలచబడింది. ఉద్యోగంలో చేరిన రెండేళ్లకే నుదురు నడినెత్తి దాకా పాకింది. షాంపూ మార్చారు, ఉల్లిపాయ రసం రాశారు, ఆన్‌లైన్‌లో కనిపించిన ప్రతి నూనె కొన్నారు. ఇప్పుడు చాలామంది కుర్రాళ్ల పరిస్థితి ఇదే. చివరికి అద్దం ముందు ఒకటే ప్రశ్న మిగులుతుంది.. "మొత్తం తీసేస్తే పోలా?"

అనుకోవడం తేలికే కానీ సెలూన్ కుర్చీలో కూర్చోవడమే కష్టం. ఎందుకంటే మన ఇళ్లలో గుండు అంటే గుర్తొచ్చేవి రెండే. ఒకటి తిరుపతి మొక్కు, రెండోది ఇంట్లో చావు. ఈ రెండూ కాకుండా "నాకు నచ్చి చేయించుకున్నా" అంటే అమ్మానాన్నలకు మింగుడు పడదు. పైగా పెళ్లి సంబంధాలు చూసే వయసు. అందుకే ఈ నిర్ణయాన్ని ఆవేశంలో కాకుండా లెక్క చూసుకుని తీసుకోవాలి. ఆ లెక్క ఏంటో చూద్దాం.

ముందు ఇది తేల్చుకోండి.. నిజంగా బట్టతలేనా?

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. అంతకు మించి రాలుతున్నా ప్రతిసారీ అది బట్టతల కాదు. టైఫాయిడ్, డెంగ్యూ, కొవిడ్ లాంటి జ్వరాలు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడుతుంది. క్రాష్ డైట్, ఐరన్ లోపం, థైరాయిడ్ సమస్యలు ఉన్నా రాలుతుంది. అసలు కారణం సరిచేస్తే ఈ జుట్టు చాలావరకు తిరిగొస్తుంది. నాణెం సైజులో గుండ్రంగా ఊడిపోతే అది పేనుకొరుకుడు కావచ్చు. దానికి వైద్యం వేరు.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతల దారే వేరు. నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరుగుతుంది, నడినెత్తిన పలచబడుతుంది. చెవుల పైన, వెనక భాగంలో మాత్రం గట్టిగా నిలబడుతుంది. దీని తీవ్రతను డాక్టర్లు నార్వుడ్ స్కేల్‌పై 7 దశలుగా చూస్తారు. ఏ రకమో తెలియకుండా గుండు కొట్టించుకుంటే నయమయ్యే సమస్యను కప్పేసినట్టు అవుతుంది. అందుకే మొదట వెళ్లాల్సింది సెలూన్‌కు కాదు, చర్మ వైద్య నిపుణుల దగ్గరకు.

తప్పు హెల్మెట్‌ది కాదు

మగవాళ్ల శరీరంలో టెస్టోస్టెరాన్ నుంచి డీహెచ్‌టీ అనే హార్మోన్ తయారవుతుంది. జన్యుపరంగా ఈ హార్మోన్‌కు స్పందించే కుదుళ్లు క్రమంగా చిన్నబోతాయి. వెంట్రుక పెరిగే కాలం తగ్గుతుంది. మందంగా రావాల్సిన చోట నూగులాంటి సన్నటి వెంట్రుక వస్తుంది, చివరికి అదీ కనిపించదు. ఈ జన్యువులు మేనమామ వైపు నుంచే వస్తాయన్నది సగం నిజం. ఒక ముఖ్యమైన జన్యువు తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది కానీ, నాన్న వైపు నుంచి వచ్చేవి కూడా చాలానే ఉన్నాయి.

ఇక హెల్మెట్, బోరు నీళ్లు, హెయిర్ జెల్.. వీటికీ వంశపారంపర్య బట్టతలకూ సంబంధం పెట్టడం అంటే బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడమే. హెల్మెట్ తీసేస్తే జుట్టు మిగలదు సరికదా తలకే ప్రమాదం.

మందులు వాడితే రాదా?

కొంతవరకు ఆపొచ్చు. దీనికి బాగా పరీక్షలకు నిలిచిన మందులు ప్రధానంగా రెండు. ఒకటి తలకు రాసే మినాక్సిడిల్. ఇది మొదట బీపీ మందు. రోగుల్లో వెంట్రుకలు పెరగడం గమనించి జుట్టుకు వాడటం మొదలుపెట్టారు. 1988లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని బట్టతలకు అనుమతించింది. రెండోది ఫినాస్టెరైడ్ మాత్ర. డీహెచ్‌టీ తయారీని తగ్గించే ఈ మందుకు 1997లో అనుమతి వచ్చింది.

అయితే ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

- ఫలితం కనిపించడానికి కనీసం 4 నుంచి 6 నెలలు పడుతుంది. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో జుట్టు ఇంకాస్త ఎక్కువగా రాలడం కూడా మామూలే.
- ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఉపయోగం. పూర్తిగా నున్నగా మారిన చోట మందు పెద్దగా పని చేయదు.
- ఆపేస్తే కొన్ని నెలల్లోనే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఫినాస్టెరైడ్‌తో కొందరిలో లైంగిక సమస్యలు, మూడ్ మార్పులు రావచ్చు. కాబట్టి డాక్టర్ చెప్పకుండా ఫ్రెండ్ మాట విని వేసుకోవద్దు.

మరి ట్రాన్స్‌ప్లాంట్?

ట్రాన్స్‌ప్లాంట్ అంటే కొత్త జుట్టు పుట్టించడం కాదు. వెనక ఉన్నదాన్ని తీసి ముందు నాటడం. వెనక ఉన్న స్టాక్ పరిమితమే. 22, 23 ఏళ్లకే చేయించుకుంటే ఒక చిక్కుంది. నాటిన జుట్టు ముందు నిలబడుతుంది, దాని వెనకున్న అసలు జుట్టు మాత్రం రాలుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు ముందు ఒక గీత, మధ్యలో ఖాళీ మిగిలిపోవచ్చు. అందుకే బట్టతల ఎంతవరకు వెళ్తుందో కాస్త తేలేవరకు ఆగమని, ఆలోపు మందులు వాడి చూడమని అనుభవమున్న సర్జన్లు చెబుతారు.

ఇది సర్జరీ అన్న సంగతి కూడా మర్చిపోకూడదు. యూట్యూబ్‌లో చూసో, వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చో నేర్చుకుంటే సరిపోదని, తగిన శిక్షణ ఉన్న డాక్టర్లే ఈ ఆపరేషన్లు చేయాలని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆఫర్ ఉంది, ఈఎంఐ ఉంది అని వెళ్లే ముందు చేసేది ఎవరు, వాళ్ల అర్హత ఏంటి అని అడగాల్సిందే.

గుండు లెక్క వేరు

మందు ఆపితే ఫలితం పోతుంది. సర్జరీ చేయించుకుంటే వెనక్కి తీసుకోలేం. హెయిర్ ప్యాచ్ పెట్టించుకుంటే నెలనెలా సర్వీసింగ్, గాలి వీచినా వాన పడినా టెన్షన్. వీటన్నిటితో పోలిస్తే గుండు మాత్రం ఒక ట్రయల్ లాంటిది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. నచ్చకపోతే రెండు మూడు నెలల్లో మళ్లీ పాత చోటుకే రావొచ్చు. అప్పటికే ఖాళీ అయిన చోట మొలవదు, మిగతాది మొలుస్తుంది. అంతే తేడా.

ఇంకో సంగతి. గుండు కొట్టించుకున్నంత మాత్రాన వైద్యం మానేయాలని లేదు. జుట్టు చిన్నగా ఉంచుకుంటూనే మందు వాడుకోవచ్చు.

టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

దీనికి వయసుతో పని లేదు. ఈ కింది ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చాలు.

- పొద్దున జుట్టు సర్దుకోవడానికే పావుగంట పడుతోందా? పక్క జుట్టును లాగి పైన కప్పుతున్నారా?
- బైక్ మీద గాలి, స్విమ్మింగ్ పూల్, నెత్తిన లైట్ పడే హోటల్ టేబుల్.. ఇలాంటివి తప్పించుకుంటున్నారా?
- గ్రూప్ ఫొటో అంటే వెనక వరుసకు వెళ్తున్నారా? ఇంట్లో కూడా క్యాప్ తీయడం లేదా?
- డాక్టర్ చెప్పిన మందు ఏడాది వాడినా తేడా కనిపించలేదా? లేదా జీవితాంతం మందు వాడటం మీకు ఇష్టం లేదా?

ఎక్కువ వాటికి "అవును" అని వస్తే ఆ జుట్టు మీకు అందం ఇవ్వడం మానేసి పని పెడుతోందని అర్థం. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అంటారు. లేనప్పుడు ఉన్నట్టు కొప్పు పెట్టబోతేనే ఇబ్బంది. దాచాలని చూసేకొద్దీ అందరి చూపూ అక్కడికే పోతుంది.

అగస్సీ విగ్గు కథ

టెన్నిస్ స్టార్ ఆండ్రీ అగస్సీ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. పొడవాటి జులపాలతో కుర్రకారును ఊపేసిన అగస్సీ ఆ రోజుల్లో పెట్టుకున్నది విగ్గు! 1990 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కు ముందు రోజు రాత్రి అది చెడిపోయింది. పిన్నులు పెట్టి బిగించుకుని కోర్టులోకి దిగాడు. ఆట కంటే విగ్గు ఊడిపోతుందేమోనన్న భయమే ఎక్కువైందని 2009లో వచ్చిన తన ఆత్మకథ 'ఓపెన్'లో చెప్పుకున్నాడు. ఆ ఫైనల్ ఓడిపోయాడు. తర్వాత జుట్టంతా తీసేసి, 1995లో గుండుతోనే ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు. గుండు వల్ల గెలిచాడని కాదు. కానీ దాచుకోవాల్సింది ఏమీ లేకపోతే బుర్ర ఆట మీద ఉంటుంది.

మన దగ్గరా ఉదాహరణలు లేకపోలేదు. హైదరాబాద్‌లో పుట్టి 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల గుండుతోనే కనిపిస్తారు. తెరపై స్టైల్‌కు మారుపేరైన రజినీకాంత్ బయట విగ్గు లేకుండానే తిరుగుతారు. బట్టతలను దాచుకునే కుర్రాడి కథతో 2021లో అవసరాల శ్రీనివాస్ హీరోగా 'నూటొక్క జిల్లాల అందగాడు' సినిమానే వచ్చింది.

పరిశోధన ఏమంటోంది?

అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్ స్కూల్‌కు చెందిన ఆల్బర్ట్ మానెస్ 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒకే మనిషి ఫొటోను జుట్టుతో, జుట్టు లేకుండా చూపించారు. గుండుతో ఉన్న ఫొటోలకు ఎక్కువ ధీమాగా, కాస్త పొడవుగా, బలంగా ఉన్నారని మార్కులు పడ్డాయి. అయితే ఇంకో వైపు కూడా ఉంది. అందం విషయంలో మార్కులు కాస్త తగ్గాయి, వయసు కాస్త ఎక్కువగా అనిపించింది. పలచబడిన జుట్టుకు మాత్రం ఏ రకంగానూ లాభం దక్కలేదు. అంటే గుండు మంత్రదండం కాదు కానీ, సగం సగం జుట్టు కంటే మేలే.

ఇంట్లో ఎలా చెప్పాలి?

"మేం బతికుండగా గుండేంట్రా?" అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది మీ మీద కోపం కాదు, వాళ్ల భయం. కాబట్టి ఒక్కసారిగా షాక్ ఇవ్వకుండా ముందే చెప్పడం మంచిది. తిరుమలకో, వేములవాడకో మొక్కు ఉంటే అదే మంచి ట్రయల్. మొక్కూ తీరుతుంది, గుండు నప్పుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు.

పెళ్లి సంబంధాల విషయంలో ఒకటే సూత్రం. ఇప్పుడు ఎలా ఉన్నారో ఆ ఫొటోనే పంపాలి. గుండు చూసి ఒకటి రెండు సంబంధాలు తప్పిపోవచ్చు. కానీ మూడేళ్ల కిందటి ఫొటో చూపించో, ప్యాచ్ పెట్టుకునో పెళ్లి చేసుకుంటే ఆ తర్వాత వచ్చేది జుట్టు గొడవ కాదు, నమ్మకం గొడవ.

మొదటిసారి ఇలా చేయండి

1. నేరుగా బ్లేడు వద్దు. ట్రిమ్మర్‌తో 3వ నంబర్, ఆ తర్వాతి వారం 1వ నంబర్, ఆపై జీరో.. ఇలా దిగితే మీకూ, చూసేవాళ్లకూ అలవాటవుతుంది. చాలామందికి జీరో కట్‌తోనే సరిపోతుంది, నున్నగా గీయించాల్సిన అవసరం రాదు.
2. శుక్రవారం సాయంత్రం పెట్టుకుంటే సోమవారం ఆఫీసుకు వెళ్లేలోపు రెండు రోజులు దొరుకుతాయి.
3. సెలూన్‌లో కొత్త బ్లేడు మీ కళ్లెదుటే వేయమనండి. వాడిన బ్లేడుతో హెపటైటిస్ బి, సి లాంటి ఇన్ఫెక్షన్లు సోకే ప్రమాదం ఉంది.
4. ఇంట్లో చేసుకుంటే గోరువెచ్చని నీళ్లతో తల తడిపి, జెల్ రాసి, వెంట్రుక పెరిగే దిశలోనే గీయాలి. ఎదురు గీస్తే పొక్కులు వస్తాయి.
5. సోరియాసిస్, పుండ్లు, చీము పొక్కులు ఉంటే అవి తగ్గే వరకు ఆగాలి.

ఆ తర్వాత జాగ్రత్తలు

ఇన్నాళ్లూ జుట్టు కింద ఉన్న చర్మం ఒక్కసారిగా ఎండకు బయటపడుతుంది. అసలే మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. పగలు బయటకెళ్తే టోపీ, లేదంటే తలకు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. హెల్మెట్ లోపల పల్చటి కాటన్ క్లాత్ వేసుకుంటే చెమట పీలుస్తుంది, దాన్ని రోజూ ఉతకాలి. ముఖం ఒక రంగు, నెత్తి ఒక రంగులో ఉన్నా కంగారు అక్కర్లేదు, కొద్ది వారాల్లో కలిసిపోతుంది. సన్నగా ట్రిమ్ చేసిన గడ్డం చాలామందికి బాగా నప్పుతుంది.

"గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది" అన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. బ్లేడు తాకేది చర్మం పైనున్న వెంట్రుకనే, లోపలి కుదురును కాదు. మొన కోసుకుపోవడంతో కొత్తగా వచ్చేది గరుగ్గా, మందంగా అనిపిస్తుంది, అంతే.

మొదటి వారం కామెంట్లు తప్పవు. "తిరుపతి వెళ్లొచ్చావా?" అని పదిమంది అడుగుతారు. రెండో వారానికి అందరికీ అలవాటైపోతుంది. కానీ గుండు తర్వాత కూడా బయటికి వెళ్లాలంటే భయంగా ఉన్నా, రోజంతా అదే ఆలోచన వెంటాడుతున్నా అది జుట్టు సమస్య కాదు. మనసు విప్పి మాట్లాడాల్సిన సమస్య. కేంద్రం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు కాల్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా కౌన్సెలింగ్ దొరుకుతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, చికిత్సల విషయంలో డాక్టర్ సలహా తీసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.)