ఇంట్లో హైడ్రోపోనిక్స్: తక్కువ ఖర్చు, తక్కువ చాకిరీ కావాలంటే ఏది ఎంచుకోవాలి?



ఈ మధ్య ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు కూడా హైడ్రోపోనిక్స్ గురించి నన్ను అడుగుతున్నారు. కొందరికి ఇంటి వాడకానికి నాలుగు ఆకుకూరలు కావాలి. కొందరేమో తమ దగ్గర కూరగాయలు కొనే అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇది అమర్చి ఇవ్వొచ్చా అని చూస్తున్నారు. అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్తే పైపులు, మోటారు, స్టాండు, టైమరు అన్నీ కలిపి పెద్ద సెట్టు చూపిస్తారు. డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. పెట్టె తయారీ పై వీడియోలో ఉంది. ఏది ఎందుకు ఎంచుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట: ఇది ప్రకృతి వ్యవసాయం కాదు

హైడ్రోపోనిక్స్‌లో మొక్క తినేది నీళ్లలో కరిగిన రసాయన లవణాలనే. కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ లాంటివి. "వాటి బదులు జీవామృతం పోస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. సరిపోదు. జీవామృతం మొక్కకు నేరుగా పెట్టే తిండి కాదు, మట్టిలో సూక్ష్మజీవులను పెంచేది. మట్టి లేని పెట్టెలో బెల్లం, పిండి, పేడ కుళ్లి నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. వేర్లు నల్లబడతాయి, ఇల్లంతా వాసన.

కాబట్టి ఈ పంటను మన ప్రకృతి వ్యవసాయ కూరలతో కలిపి అదే పేరుతో అమ్మకూడదు. యూరప్ సేంద్రియ నిబంధనల్లో హైడ్రోపోనిక్ పంటకు సేంద్రియ ముద్ర లేదు. అమెరికాలో కొన్నింటికి ఇస్తున్నారు, దానిమీద అక్కడి మట్టి రైతులు కోర్టుదాకా వెళ్లారు. మనకు కొనేవాళ్ల నమ్మకమే పెట్టుబడి. పురుగుమందు కొట్టకపోతే "పురుగుమందు లేని హైడ్రోపోనిక్ ఆకుకూర" అని ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి, తప్పేం లేదు.

నాలుగు పద్ధతులు, ఒక్కో దాని తంటా

ఎన్.ఎఫ్.టి. అంటే పైపుల్లో పల్చగా నీళ్లు పారే పద్ధతి. చూడ్డానికి బాగుంటుంది, వీడియోల్లో ఎక్కువ కనిపించేది ఇదే. కానీ వేర్ల దగ్గర నీటి నిల్వ ఉండదు. ఎండాకాలంలో కొన్ని గంటలు కరెంటు పోయి మోటారు ఆగితే మొక్కలు వాడిపోతాయి.

డి.డబ్ల్యు.సి. అంటే లోతు నీళ్లలో వేర్లు మునిగి ఉండే పద్ధతి. అక్వేరియంలో పెట్టే గాలి పంపు రాత్రీ పగలూ ఆడాలి.

వత్తి పద్ధతిలో నూలు వత్తి కింద డబ్బాలోంచి నీళ్లు పైకి లాగుతుంది. మోటారు అక్కర్లేదు. నీళ్లు ఎక్కువ తాగే పెద్ద మొక్కలకు మాత్రం చాలదు.

నాలుగోది క్రాట్కీ పద్ధతి. హవాయి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త బెర్నార్డ్ క్రాట్కీ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మోటారు లేదు, గాలి పంపు లేదు. మొక్క నీళ్లు తాగేకొద్దీ పెట్టెలో మట్టం దిగుతుంది. పైన ఏర్పడిన ఖాళీలో ఉన్న వేర్లు గాలి తీసుకుంటాయి, కింది వేర్లు నీళ్లు తాగుతాయి. ఇంట్లో ఆకుకూరలకు నేను చెప్పేది ఇదే.

కరెంటు లెక్క

18 వాట్ల పంపు 24 గంటలూ ఆడితే నెలకు దాదాపు 13 యూనిట్లు. క్రాట్కీలో ఇది సున్నా.

ఎండ పడే కిటికీ గానీ బాల్కనీ గానీ ఉంటే లైటు ఖర్చు కూడా ఉండదు. అసలు వెలుతురు లేని గదిలో అయితే 20 వాట్ల తెల్ల ఎల్.ఇ.డి. ట్యూబు మొక్కలకు జానెడు ఎత్తులో కట్టి రోజుకు 14 గంటలు వెయ్యాలి. నెలకు సుమారు 8.4 యూనిట్లు. ఊదారంగు లైట్లే కొనాలని ఏమీ లేదు, మామూలు తెల్ల ట్యూబుకే ఆకుకూరలు వస్తాయి.

పెట్టె ఎలా చేసుకోవాలి

20 లీటర్ల థర్మోకోల్ పెట్టె చాలు. లోపల నల్ల పాలిథిన్ షీటు పరిచి, మూతకు నాలుగు రంధ్రాలు పెట్టండి. ఒక్కో లెట్యూస్ మొక్క కోతకు వచ్చేసరికి సుమారు 4 లీటర్లు తాగుతుంది, అందుకే నాలుగుకి మించి వద్దు. కొబ్బరి పొట్టులో మొలిచిన నారును నెట్ కప్పుల్లో పెట్టి, కప్పు అడుగు మాత్రం నీళ్లకు తగిలేలా నింపండి.

మట్టం తగ్గింది కదా అని మళ్లీ నిండా పోయకండి. గాలికి అలవాటు పడ్డ వేర్లు మునిగి కుళ్లిపోతాయి. పుదీనా, పాలకూర లాంటివి పదేపదే కోసుకుంటాం కాబట్టి వాటికి అడుగున మూడో వంతు వరకే పోస్తూ ఉండాలి.

నీళ్లు, ఎరువు

వాన నీళ్లు అన్నిటికన్నా మేలు. బోరు నీళ్ల టి.డి.ఎస్. 500 దాటితే వాన నీళ్లో, ఆర్.ఓ. నీళ్లో కలపండి. ఆర్.ఓ. మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

దుకాణంలో దొరికే 19:19:19 ఒక్కటే కలిపితే పంట రాదు. అందులో కాల్షియం లేదు, నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియాను మొక్కకు అందేలా మార్చే సూక్ష్మజీవులు పొలం మట్టిలో ఉన్నట్టు ఈ పెట్టెలో ఉండవు. ఎ, బి అని రెండు సీసాలుగా వచ్చే హైడ్రోపోనిక్ ఎరువు తీసుకోండి. రెండూ చిక్కగా ఉన్నప్పుడు కలపకూడదు, కలిపితే విరిగిన పాలలా అడుగున పేరుకుపోతుంది. ముందు నీళ్లు, తర్వాత ఎ, బాగా కలిపాక బి. ఆకుకూరలకు ఇ.సి. 1.2 నుంచి 1.6, పి.హెచ్. 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. నిమ్మరసంతో పి.హెచ్. తగ్గిస్తే కొన్ని రోజుల్లో మళ్లీ పెరుగుతుంది.

పంట అయ్యాక మిగిలిన నీళ్లు పూల కుండీలకు పోయండి. మన ప్రకృతి వ్యవసాయ మడిలో మాత్రం పోయొద్దు.

ఎండ, దోమలు

నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గి వేరుకుళ్లు వస్తుంది. అందుకే థర్మోకోల్ చెప్పాను. మన ఎండాకాలంలో లెట్యూస్ చేదెక్కి పూతకు వస్తుంది. చలికాలంలో లెట్యూస్, పాలకూర, కొత్తిమీర, ఎండాకాలంలో తోటకూర, పుదీనా పెట్టుకోండి.

నిలవ నీళ్లంటే దోమలు గుడ్లు పెడతాయి. కప్పు చుట్టూ సందు లేకుండా చూడండి, ఉంటే దోమతెర గుడ్డ చుట్టండి. వెలుతురు దూరకపోతే నాచు కూడా పట్టదు.

ఉప్పులే వద్దనుకుంటే

ఇంట్లో పెంచాలి, రసాయనం చుక్క కూడా ఉండకూడదు అనుకునేవాళ్లకి మైక్రోగ్రీన్స్ ఉన్నాయి. మెంతులు, ఆవాలు కొబ్బరి పొట్టు ట్రేలో చల్లి, ఉత్త నీళ్లు చిలకరిస్తే చాలు. మొదటి రెండాకులకు కావలసిన బలం గింజలోనే ఉంటుంది. 7 నుంచి 10 రోజుల్లో కోసుకోవచ్చు. మందు పట్టించిన రంగు విత్తనం వాడకండి, మీరు పండించిన గింజలే వెయ్యండి. ఇవైతే మన పేరుతో ధైర్యంగా అమ్ముకోవచ్చు.

ఎంత పెట్టాలి

ముందు ఒక్క పెట్టెతో మొదలుపెట్టి రెండు కోతలు తీయండి. అందులో ఇ.సి., పి.హెచ్. మీటర్లకే ఎక్కువ ఖర్చవుతుంది, మిగతావి ఇంట్లో ఉన్నవాటితోనే అయిపోతాయి. మీ నీళ్లకు, మీ కిటికీ ఎండకు ఏది పండుతుందో తెలిశాక రెండో పెట్టె గురించి ఆలోచించండి. దీనికోసం అప్పు మాత్రం చేయకండి. ఇది వంటింటి ఆకుకూరకు పనికొచ్చేది, పొలానికి బదులు కాదు.