వార్తల్లో పదం: యాక్టిగ్రఫీ

అవనిగడ్డ దగ్గర ఓ ఊళ్లో క్యాన్సర్ ముదిరి మంచం పట్టిన పెద్దాయన ఉన్నాడనుకుందాం. ఇంటికొచ్చిన నర్సమ్మ ‘‘నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, బాబాయ్?’’ అంటే ‘‘పర్లేదమ్మా’’ అంటాడు. రాత్రంతా అటూ ఇటూ దొర్లిన సంగతి చెప్పడు. చెప్పని ఆ రాత్రిని నమోదు చేసే పద్ధతే యాక్టిగ్రఫీ.

మణికట్టు పట్టీలోని యాక్సెలరోమీటర్ ప్రతి కదలికనూ లెక్కిస్తుంది. ఎంత తిరిగాడో, నిద్ర ఎన్నిసార్లు చెదిరిందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. కొన్ని పట్టీలు చర్మంలోకి ఆకుపచ్చ వెలుగు పంపి గుండె లయను పసిగడతాయి. మరికొన్ని చెమటతో మారే చర్మ విద్యుత్ వాహకతను కొలుస్తాయి.

అయితే ఇవి పట్టేది నొప్పి జాడలనే, నొప్పిని కాదు. బందరు ఉక్కపోతకూ చెమట పడుతుంది, భయానికీ గుండె దడదడలాడుతుంది. నొప్పి ఎవరికి వారిదైన అనుభవమనీ, రోగి మాటను గౌరవించాలనీ అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో స్పష్టం చేసింది.

మచిలీపట్నం, గుడివాడ ఆస్పత్రుల దాకా మాటిమాటికీ రాలేని దివిసీమ రోగులకు ఇలాంటి పట్టీ అక్కరకొస్తుంది. ఏ వేళ నొప్పి ముదురుతోందో తెలిస్తే మందు వేళ, మోతాదు సరిచూడొచ్చు. తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అనుమతులను 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి సులభం చేశారు. ఆ మందు ఊరిదాకా చేరాలి. లేదంటే పట్టీ చెప్పేది ఉత్త లెక్కే.