పువ్వులు బోలెడు, కాయ సున్నా: మేపాప్ తీగ ఎందుకిలా చేస్తుంది?

అట్లాంటాలో ఉంటున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా ఫెన్స్ మీద కౌరవ పాండవుల పువ్వు లాంటిదే పూస్తోంది. రెండేళ్లయింది, ఒక్క కాయ లేదు. పీకేయమంటావా?" పీకొద్దు తమ్ముడూ, ముందు విను.

ఆ తీగ పేరు మేపాప్. సైన్స్‌లో పాసిఫ్లోరా ఇంకార్నాటా. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు దీని సొంతూరు. 1612లో జాన్ స్మిత్ వర్జీనియా గురించి రాసిన పుస్తకంలోనే ఈ కాయ ప్రస్తావన ఉంది. మన ఇళ్లలో కౌరవ పాండవుల పువ్వు అని పెంచేవి ఎక్కువగా దీని కజిన్స్. చుట్టూ ఉన్న పోగులు కౌరవులు, మధ్యలో 5 కేసరాలు పాండవులు. లెక్కపెడితే సరిగ్గా 100 రావు, అది వేరే సంగతి.

ఇక అసలు ప్రశ్న. ఈ తీగ తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. వేరే మొక్క పుప్పొడి పడితేనే కాయ. "పక్కన ఇంకో మొక్క ఉంది కదా" అంటారు. అది ఎక్కడిది? ఫ్రెండ్ ఇచ్చిన కొమ్మో, అదే వేరు నుంచి లేచిన పిలకో అయితే అది కాపీ పేస్ట్, అదే కోడ్. విత్తనం నుంచి వచ్చిన వేరే మొక్క కావాలి. ఈ పని మామూలుగా పెద్ద కార్పెంటర్ తేనెటీగలు చేసిపెడతాయి. అవి రాకపోతే చిన్న బ్రష్‌తో మీరే అంటించొచ్చు. పువ్వు ఉండేది ఒక్క రోజే, లేట్ చేయకండి. పైన ఉండే 3 కీలాగ్రాలు కేసరాల వైపు కిందికి వంగాయా లేదా చూడండి. నిటారుగానే ఉండిపోతే ఆ పువ్వు కాయ ఇవ్వదు, వదిలేయండి.

ఎండ కనీసం 6 గంటలు తగలాలి. నీళ్లు నిలవని నేల చాలు, మరీ సారవంతం అక్కర్లేదు. ఇది నులితీగలతో చుట్టుకుని ఎక్కుతుంది కాబట్టి నున్నటి గోడకి అంటుకోదు. వైరో, జాలీయో కట్టాలి.

చలికాలంలో పైభాగం మొత్తం చచ్చిపోతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి తవ్వి పారేస్తారు. వేరు కింద బతికే ఉంటుంది, కాకపోతే వసంతంలో అన్నింటికన్నా లేటుగా లేస్తుంది. లేచాక ఎక్కడ లేస్తుందో చెప్పలేం: పిలకలు లాన్ మధ్యలో కూడా వస్తాయి. పక్కింటివాళ్లతో గొడవ వద్దనుకుంటే కనబడగానే పీకేయండి.

నల్ల ముళ్లున్న నారింజ రంగు గొంగళి పురుగులు ఆకులు తింటుంటే మందు కొట్టకండి, ప్లీజ్. అవి గల్ఫ్ ఫ్రిటిలరీ సీతాకోకచిలుక పిల్లలు. వాటికి ఈ జాతి ఆకులే తిండి. ముదిరిన తీగ మళ్లీ చిగురిస్తుంది.

కాయ వస్తే పచ్చగా ఉండగా కోయొద్దు. కోడిగుడ్డు సైజుకి పెరిగి, కాస్త పసుపు తిరిగి, దానంతట అదే రాలుతుంది. అప్పుడు ఏరుకుని, గింజల చుట్టూ ఉన్న గుజ్జు తినండి.