రెండేండ్ల దీక్ష

తెల్లని చొక్కాయ, మెడలో టై, ఎదపై నల్లని పేరుపలక ధరించి ఇద్దరిద్దరుగా వీధివెంట నడచిపోవు యువకులను ప్రపంచములోని పెక్కు నగరములవారు ఎరుగుదురు. లోకవ్యవహారమున మోర్మనులని పేరొందినను, యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘమని తమ సమాజమును చెప్పుకొను వీరు, 1830 ఏప్రిల్ 6న న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ నెలకొల్పినదియు, నేడు ఊటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ నగరము ప్రధానస్థానముగా గలదియు నగు మతశాఖకు చెందిన మిషనరీలు. చదువు నడుమ నాపి, ఇల్లు విడిచి, జీతమన్నది లేక, ఖర్చులు తామో తమవారో భరించుచు, యువకులు రెండేండ్లును యువతులు 18 నెలలును ఈ సేవలో గడపుదురు. ఏ దేశమునకు పోవలెనో కోరుకొను స్వాతంత్ర్యము వారికి లేదు. సంఘాధ్యక్షుని పేర వచ్చిన పిలుపులో ఏ ఊరున్నచో ఆ ఊరికే ప్రయాణము. ఇట్టివారి సంఖ్య ఇటీవలి సంవత్సరములలో 70 వేలకు మించినది.

వీధిలోని ఆ నడకను మాత్రము చూచి, తలుపులు తట్టుటయే వీరి వృత్తియని తలచువారు కలరు. ఆ జీవితమునకు ఆయువుపట్టు ప్రాతఃకాల పఠనమునందున్నదని నాకు తోచును. సాధారణముగా ఆరున్నరకు మేల్కొని, వ్యాయామము, స్నానము, ఫలాహారము ముగించిన పిమ్మట, ఎల్డరని పిలువబడు ఆ పందొమ్మిదేండ్ల పిల్లవాడు బైబిలును, తమ సంఘపు పవిత్రగ్రంథమగు మోర్మన్ గ్రంథమును ముందుంచుకొని కొంతకాలము ఏకాంతముగా చదువును. ఆపై సహచరునితో కలసి చదువును. పరభాషా ప్రాంతమునకు వచ్చినవాడైనచో భాషాభ్యాసము చేయును. రాత్రి తొమ్మిది ప్రాంతమున బసచేరి, మరునాటి పనులు నిర్ణయించుకొని, పదిన్నరకు నిద్రించును. కాఫీ, టీ, మద్యము, పొగాకు నిషిద్ధములు. ఈ క్రమములో ఉదయము చదివిన మాట సాయంకాలము లోపల ఏదో యొక గుమ్మము ముందర పరీక్షకు నిలువక తప్పదు. సహనమును గూర్చి చదివి బయలుదేరినవానికి పది యిండ్లలో వరుసగా నిరాకరణము ఎదురైనప్పుడు, ఆ మాట తనలో ఎంతవరకు ఇంకినదో తనకే తెలియును.

వీరు తరచుగా మననము చేయు కథ యొకటి మోర్మన్ గ్రంథమునందలి ఆల్మా భాగములో కలదు. అమ్మోను అను రాజకుమారుడు రాజ్యమును కాదని, తన జాతికి శత్రువులైన లేమనీయుల దేశమునకు బోధార్థమై పోగా, అతనిని బంధించి లమోనై రాజు నెదుట నిలిపిరి. అతని మాటలకు ప్రసన్నుడై రాజు తన కుమార్తె నిచ్చెదననగా, అమ్మోను దానిని వినయముతో నిరాకరించి, సేవకునిగా ఉండనిమ్మని వేడుకొనెను. నీటివద్ద దోపిడిగాండ్రు రాజుగారి మందలను చెదరగొట్టినప్పుడు వానిని కూడగట్టి, తానొక్కడే వారి నెదిరించి తరిమెను. ఆ పరాక్రమమును తక్కిన సేవకులవలన విని విస్మితుడైన రాజు అతడెక్కడనని అడుగగా, గుఱ్ఱములకు మేత పెట్టుచున్నాడని వారు విన్నవించిరి; అంతకుముందు రాజు ఆజ్ఞాపించిన పని అదియే. రాజు హృదయము కరగినది ఆ తావున. అతడు ప్రశ్నించిన తరువాతనే అమ్మోను దేవుని గూర్చి నోరు విప్పెను.

ఈ కథకు ప్రాణము యుద్ధమునందు గాక ఆ గుఱ్ఱపుసాలయందే ఉన్నదని నేను గట్టిగా నమ్ముదును. మిషనరీలలో ఉత్తములైనవారు దీనిని అట్లే గ్రహింతురు. వృద్ధుల తోటపనిలో చేయి కలుపుట, ఇల్లు మారువారికి సామాను మోయుట, పరదేశీయులకు ఉచితముగా ఇంగ్లీషు నేర్పుట వారికి బోధనకు ఉపాయములు గావు, సేవలో భాగములే. పరమత బోధనము సమ్మతము గానివారికి వీరితో విభేదింప హక్కు కలదు. ఆ విభేదమును మర్యాదతో విని వెనుదిరుగుటయు వీరి శిక్షణలోనిదే.

వారమున కొకనాడు, చాలచోట్ల సోమవారము, విరామము. బట్టలుతుకుకొనుట, సరకులు కొనుట, క్షౌరము, ఆటలు ఆనాడే. ఇంటికి లేఖ వ్రాయుటయు ఆనాడే. 2019 ఫిబ్రవరి వరకు తల్లిదండ్రులతో ఫోనులో మాటాడు అవకాశము సామాన్యముగా ఏడాదికి రెండు మారులే, క్రిస్మసునకును మాతృదినోత్సవమునకును. ఆ పిమ్మట వారము వారము మాటాడ వీలు కలిగినది. అయినను లేఖ స్థానమును ఫోను పూర్తిగా ఆక్రమింపలేదు, ఆక్రమింపరాదు కూడ. ఆ వారమున ఎవరిని కలసినదియు, ఏ యింట భోజనము చేసినదియు, ఏ వాక్యము మనసున నిలిచినదియు ఒకే కాగితముపై కూర్చవలసివచ్చినప్పుడు, జరిగినదానికిని చదివినదానికిని గల సంబంధమును ఆ పిల్లవాడు వెదకక తప్పదు. శాస్త్రపఠనము వ్యాఖ్యానముగా మారుట ఆ వెదకులాటలోనే.

పోవలసిన దేశమువలెనే సహచరుని ఎన్నుకొనుటయు వీరి చేతిలో లేదు. ఇరువదినాలుగు గంటలు ఒకరికొకరు కనుచూపు మేరలో మెలగవలెను; కొన్ని వారములకో నెలలకో జత మారును.

ఈ మిషనరీల చరిత్రకు మన ప్రాంతముతో సంబంధము ప్రాచీనమే. 1853లో రిచర్డ్ బాలంటైన్ మొదలగువారు మద్రాసు చేరి బోధించిరి గాని, ఆ కాలపు భారతదేశ ప్రయత్నములు స్వల్పఫలములతోనే ముగిసెను. తరువాత శతాబ్దమునకు పైగా గడచి, పసిఫిక్ మహాసముద్రములోని సమోవాలో ఈ మతమును స్వీకరించిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువర్గమునకే బోధించి, అచ్చట సంఘమునకు నాంది పలికిరి. ఎల్సీగారి తండ్రి రెవరెండు పి. శ్రీనివాసం మోర్మన్ గ్రంథమును తెనిగింప, అందలి ఎంపిక భాగములు 1982లో వెలువడినవి. 2012 మే 27న, పలు స్థానిక సంఘముల సముదాయమైన స్టేక్ అనునది భారతదేశమున మొట్టమొదట హైదరాబాదుననే ఏర్పడినది.

ఆ స్థానిక సంఘములలోని కుటుంబముల పిల్లలును నేడు ఇదే దీక్షకు పోవుచున్నారు. పట్టా, ఉద్యోగము, వివాహము అను వరుస తప్పరాదని భావించు మన గృహములలో, ఆ వరుసను రెండేండ్లు నిలిపివేసెదనని తల్లిదండ్రులకు, అంతకన్న మేనమామలకు, నచ్చజెప్పుట ఆ యువకునికి అతడు చేయబోవు బోధలన్నిటిలో మొదటిది.