హిల్ వెళ్లాడు, పదిమంది వచ్చారు

అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ ఫిబ్రవరి మధ్యకల్లా సూపర్ బౌల్‌తో ముగుస్తుంది. మళ్లీ ఆట మొదలయ్యేది సెప్టెంబరులోనే. మధ్యలో ఉన్న ఆరు నెలల్లో మైదానాలు ఖాళీగా ఉన్నా, నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోని 32 జట్ల ఆఫీసుల్లో మాత్రం దీపాలు ఆరవు. ఒప్పందం ముగిసినవాళ్లలో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పోనివ్వాలి, కాలేజీల నుంచి కొత్తగా ఎవరిని తెచ్చుకోవాలి అన్నవి తేలేది అక్కడే. మొదటి రెండూ మార్చిలోనూ, మూడోది ఏప్రిల్ చివర డ్రాఫ్ట్‌లోనూ తేలుతాయి కాబట్టి వీటిని వేర్వేరు ఘట్టాలుగా చూడటం అభిమానులకు అలవాటు. నిజానికి రెండింటికీ లెక్క ఒక్కటే. మార్చిలో చేసిన ఖర్చుకు ఏప్రిల్‌లో సమాధానం దొరకాలి. 2022 వేసవిలో కాన్సస్ సిటీ చీఫ్స్ చేసిన పని చూస్తే ఈ సంగతి స్పష్టంగా అర్థమవుతుంది.

ఆ ఏడాది జనవరి 30న సొంత మైదానం యారోహెడ్‌లో చీఫ్స్ జట్టు సిన్సినాటి బెంగాల్స్‌తో ఆడింది. గెలిచినవాళ్లు సూపర్ బౌల్‌కు. చీఫ్స్ మొదట్లో 21-3 ఆధిక్యంలో ఉండి కూడా, చివరకు అదనపు సమయంలో 27-24తో ఓడిపోయారు. కోచ్ ఆండీ రీడ్, జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్ ఇద్దరికీ ఎదురుగా పెద్ద లెక్క నిలిచింది. క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌తో 2020లోనే పదేళ్ల ఒప్పందం కుదిరింది. దాని విలువ 45 కోట్ల డాలర్లు, ప్రోత్సాహకాలతో కలిపితే 50 కోట్లు దాటుతుంది. అతను జట్టుకు ప్రాణం. మిగిలిన అందరి జీతాలూ అతనికి ఇచ్చాక మిగిలినదాంట్లో సర్దాలి.

ఎందుకు సర్దాలంటే, ఈ లీగ్‌లో డబ్బున్న యజమాని ఇష్టం వచ్చినంత ఖర్చు పెట్టడానికి వీల్లేదు. ఏడాదికి ఒక జట్టు ఆటగాళ్లందరి జీతాలూ కలిపి ఇంతకు మించకూడదన్న హద్దు ఉంది. దాన్ని శాలరీ క్యాప్ అంటారు. 1994లో తెచ్చినప్పుడు అది 3.46 కోట్ల డాలర్లు, 2022 నాటికి 20.82 కోట్లు. న్యూయార్క్ జట్టుకైనా, చిన్న ఊరు గ్రీన్ బే జట్టుకైనా అదే హద్దు. ఐపీఎల్ వేలంలో ప్రతి ఫ్రాంచైజీకీ ఒకే పర్సు ఉన్నట్టే ఇదీ అని తెలుగు పాఠకులు అనుకోవచ్చు. ఒక పెద్ద తేడా ఉంది. ఐపీఎల్‌లో కుర్రవాడి ధరను వేలంపాట తేలుస్తుంది. ఇక్కడ కాలేజీ నుంచి వచ్చే కుర్రవాడికి బేరమే లేదు. ఏ స్థానంలో ఎంపికైతే ఎంత అన్నది దాదాపు ముందే ఖాయం, ఒప్పందం నాలుగేళ్లు. 2011 నుంచి అమల్లో ఉన్న ఈ ఏర్పాటే మొత్తం కథకు ఇరుసు. సరైన కుర్రవాణ్ని పట్టుకున్న జట్టుకు నాలుగేళ్లపాటు అతను పనికి తగ్గ ధరలో చిన్న భాగానికే దొరుకుతాడు.

క్యాప్ లెక్కలో ఒక మెలిక ఉంది, దానితోనే చాలా జట్లు దెబ్బతింటాయి. సంతకం చేయగానే ఆటగాడికి చెల్లించే సైనింగ్ బోనస్ చేతికి ఒక్కసారే వస్తుంది. క్యాప్ లెక్కలో మాత్రం దాన్ని ఒప్పందం ఉన్నన్నాళ్లకు, గరిష్ఠంగా ఐదేళ్లకు, సమానంగా పంచి రాసుకోవచ్చు. అయిదు కోట్ల బోనస్ అయితే ఏడాదికి కోటి చొప్పున. ఈ ఏడాది భారం తేలికవుతుంది. కానీ ఆటగాణ్ని మధ్యలో వదిలేస్తే ఇంకా రాయకుండా మిగిలినదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మైదానంలో లేనివాడి పేరున ఖర్చయ్యే ఈ సొమ్మును డెడ్ మనీ అంటారు. డెన్వర్ జట్టు 2024లో క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ను వదిలించుకున్నప్పుడు ఆ భారం 8.5 కోట్ల డాలర్లు. రెండేళ్లకు విడగొట్టుకుని మోశారు.

ఒప్పందం ముగిసినవాణ్ని పోనివ్వకుండా ఆపడానికి జట్టు చేతిలో ఉన్న సాధనం ఫ్రాంచైజ్ ట్యాగ్. ఏడాదికి ఒక్కరికే వేయొచ్చు. సుమారుగా ఆ స్థానంలో అత్యధిక జీతం తీసుకునే ఐదుగురి సగటు చెల్లించి మరో ఏడాది కట్టేసుకోవడమే దాని సారం. జూలై మధ్యలోగా దీర్ఘకాలిక ఒప్పందం కుదిరితే సరే, లేకపోతే ఆ ఒక్క ఏడాదే. 2022 మార్చిలో చీఫ్స్ ఎడమ ట్యాకిల్ ఆర్లాండో బ్రౌన్‌కు ఈ ట్యాగ్ వేశారు. సుమారు 1.66 కోట్ల డాలర్లకు అతను ఆ ఏడాది ఆడాడు. బేరం కుదరలేదు, మరుసటి వసంతంలో బెంగాల్స్‌కే వెళ్లిపోయాడు. ట్యాగ్ ఎప్పుడూ విడాకులకే దారి తీస్తుందని కాదు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర వల్ల 2021 డ్రాఫ్ట్‌లో అందరూ వెనకాడితే 226వ స్థానందాకా జారిపోయిన ట్రే స్మిత్‌ను చీఫ్స్ తీసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత అతనికీ ట్యాగ్ పడింది. 2025 జూలైలో గడువు ముగిసేలోగా నాలుగేళ్లకు 9.4 కోట్ల ఒప్పందం కుదిరింది.

మళ్లీ 2022కు వస్తే, అసలు చిక్కు టైరిక్ హిల్. బంతి అందుకునే వైడ్ రిసీవర్లలో అతనంత వేగం ఉన్నవాడు అప్పట్లో లేడనే చెప్పాలి. అతను కూడా 2016లో ఐదో రౌండులో, 165వ స్థానంలో దొరికినవాడే. ఒప్పందంలో ఇంకో ఏడాది మిగిలి ఉంది, పొడిగింపు మాటలు నడుస్తున్నాయి. ఇంతలో గ్రీన్ బే నుంచి లాస్ వేగాస్‌కు మారిన డవాంటే ఆడమ్స్‌కు సగటున ఏడాదికి 2.8 కోట్ల డాలర్లు పలికాయి. ఒక్కరోజులో రిసీవర్ల మార్కెట్టే మారిపోయింది. హిల్‌కు అప్పటికి 28 ఏళ్లు, బతుకంతా కాళ్ల మీదే. మహోమ్స్ పక్కన అంత ధర పెట్టి అతన్ని కట్టుకుంటే రక్షణ వరుసకు ఏం మిగులుతుంది? మార్చి 23న చీఫ్స్ అతన్ని మయామికి ఇచ్చేశారు. మయామి అతనికి నాలుగేళ్లకు 12 కోట్ల ఒప్పందం రాసింది. బదులుగా చీఫ్స్‌కు ఐదు డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కుర్రాళ్లను ఎంచుకునే వంతులు, వచ్చాయి. ఆ ఏడాదివి 29, 50, 121 స్థానాలు, మరుసటి ఏడాదివి ఇంకో రెండు.

అభిమానులకు గుండె తరుక్కుపోయింది. రాష్ట్ర సరిహద్దుకు అవతల ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేథీల్లో స్థిరపడి, ఎర్ర జెర్సీలు వేసుకుని ఆట చూడటం నేర్చుకున్న తెలుగు కుటుంబాలు కూడా ఆ ఊరి దిగులులో భాగమే. ఆ దిగులు అన్యాయమైనదేమీ కాదు. కళ్లెదుట పరిగెత్తే మనిషిని ఇచ్చి, ఇంకా పేరు కూడా తెలియని కుర్రాళ్ల మీద హక్కు తెచ్చుకోవడం ఏ ఊరికైనా కష్టంగానే తోస్తుంది.

డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు. ముందటి సీజన్‌లో అందరికన్నా వెనకబడ్డ జట్టుకు మొదటి అవకాశం, గెలిచిన జట్టుకు ఆఖరిది. గొప్ప జట్లు ఎప్పుడూ భోజనాల బంతిలో చివర కూర్చున్నట్టే, వడ్డన వచ్చేసరికి మంచివి అయిపోతాయి. అయితే పిక్ అనేది చేతులు మారే ప్రామిసరీ నోటు లాంటిది. చీఫ్స్‌కు వచ్చిన 29వ స్థానం అసలు మయామిది కూడా కాదు. క్వార్టర్‌బ్యాక్ ట్రే ల్యాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో జట్టు ఏడాది ముందు మయామికి ఇచ్చుకున్నది. వీచ్ దాన్ని, 94, 121లతో కలిపి న్యూ ఇంగ్లాండ్‌కు ఇచ్చి 21వ స్థానానికి ఎగబాకాడు.

ఎవరి కోసం అంత ఆరాటం? మార్చిలో జట్టు హిల్‌ను ఒక్కణ్నే పోగొట్టుకోలేదు. కార్నర్‌బ్యాక్ చార్వేరియస్ వార్డ్ మూడేళ్లకు 4.05 కోట్లకు శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లాడు, ఒప్పందం ముగిసిన సేఫ్టీ టైరన్ మాథ్యూ తర్వాత న్యూ ఓర్లీన్స్‌లో చేరాడు. అంటే, ఎదుటి రిసీవర్లను కాచుకునే వెనక వరుస దాదాపు ఖాళీ. మాథ్యూ స్థానంలో జస్టిన్ రీడ్‌ను కొనుక్కున్నా, మిగిలినవాళ్లందరినీ బజారులో కొనే స్తోమత లేదు. కాలేజీ పిల్లల్లోంచే ఏరుకోవాలి.

ఏరడం అంటే మాటలు కాదు. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల సందున ఇండియానాపోలిస్‌లో కంబైన్ పేరుతో మూడు వందలమందికి పైగా కుర్రాళ్లను పిలిచి కొలుస్తారు. 40 గజాల పరుగు, సుమారు 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరన్న పరీక్ష, మోకాళ్లకు స్కానింగులు, రాత్రిపూట హోటల్ గదుల్లో ఇంటర్వ్యూలు. చేతుల పొడవు కూడా టేపు పెట్టి కొలుస్తారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ట్రెంట్ మెక్‌డఫీకి అడ్డుపడింది ఆ టేపే. అతని చేయి పొడవు 29 ముప్పావు అంగుళాలు, బయటి అంచున నిలబడి పొడవాటి రిసీవర్లను కాచే కార్నర్‌కు తక్కువని చాలామంది లెక్క. అతని ఆట వీడియోలు చూసినవాళ్లకు మాత్రం బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టే బుర్ర, తప్పని ట్యాక్లింగ్ కనిపించాయి. 21వ స్థానం పెట్టి చీఫ్స్ కొన్నది అదే. నాలుగేళ్లకు కలిపి అతని ఒప్పందం కోటీ నలభై లక్షల డాలర్ల లోపు. హిల్‌కు మయామి ఒక్క ఏడాదికి సగటున ఇస్తానన్నది మూడు కోట్లు.

సొంత 30వ స్థానంలో జార్జ్ కార్లాఫ్టిస్ వచ్చాడు. ఏథెన్స్‌లో పుట్టి, చిన్నతనంలో గ్రీస్ తరఫున వాటర్ పోలో ఆడి, తండ్రి పోయాక పదమూడేళ్ల వయసులో తల్లి సొంత రాష్ట్రం ఇండియానాకు చేరి, అక్కడే ఈ ఆట నేర్చుకున్నవాడు. తర్వాత రిసీవర్ స్కై మూర్, సేఫ్టీ బ్రయన్ కుక్, లైన్‌బ్యాకర్ లియో షెనాల్, ఫాయెట్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి కార్నర్ జాషువా విలియమ్స్. మూడు రోజులు ముగిసేసరికి పదిమంది. అందులో సగం వెనక వరుసవాళ్లే. ఆఖరి ముగ్గురినీ ఏడో రౌండులో తీసుకున్నారు, ఆ వేళకు టీవీల ముందు పెద్దగా ఎవరూ మిగలరు. వాళ్లలో 243వ స్థానం జేలెన్ వాట్సన్‌ది, 251వది రన్నింగ్ బ్యాక్ ఐజాయా పచెకోది.

వాట్సన్ పెద్ద కాలేజీకి చేరకముందు ఒక ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో పనిచేశాడు. 2022 సెప్టెంబరు 15 రాత్రి అతను యారోహెడ్‌లో బరిలో ఉండటానికి కారణం, మొదటి మ్యాచ్‌లోనే మెక్‌డఫీ తొడ కండరం పట్టేయడం. ఛార్జర్స్‌తో స్కోరు 17-17. నాలుగో క్వార్టర్‌లో వాళ్లు గోల్ గీతకు మూడు గజాల దూరానికి వచ్చేశారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్ వేసిన బంతి ముందుకు ఉరికి అందుకున్నది ఎదుటి జట్టువాడు కాదు, వాట్సన్. అక్కణ్నుంచి పక్క గీత వెంట 99 గజాలు ఒంటరిగా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చీఫ్స్ 27-24తో గెలిచారు.

జనవరి 29న మళ్లీ అదే బెంగాల్స్, అదే మైదానం. ఆట మొదట్లోనే అనుభవజ్ఞుడైన కార్నర్ లజేరియస్ స్నీడ్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. మిగిలిన కార్నర్లంతా కొత్త కుర్రాళ్లే. ఏడాది క్రితం పేర్లు కూడా వినని పిల్లలతో అంత పెద్ద ఆట నడపవలసి రావడం ఏ డిఫెన్స్ కోచ్‌కైనా పీడకలే, స్టీవ్ స్పాన్యూలో నడిపించాడు. వాట్సన్ ఒక బంతి దొరకబుచ్చుకున్నాడు. కుక్ చేత్తో తట్టి లేపిన ఇంకో బంతి విలియమ్స్ ఒడిసి పట్టాడు. హిల్ బదులు వస్తాడనుకున్న స్కై మూర్ ఆ సీజనంతా రిసీవర్‌గా 22 బంతులే అందుకున్నాడు, ఎదుటి జట్టు తన్ని పంపే బంతులను, అంటే పంట్‌లను, పట్టవలసినప్పుడు జారవిడిచి ఆ పని పోగొట్టుకున్నాడు. ఆ రోజు వేరేవాళ్లకు గాయమై మళ్లీ అతన్నే పంపితే, ఆఖరి నిమిషంలో ఒక పంట్ పట్టుకుని 29 గజాలు పరిగెత్తాడు. గెలుపు కిక్‌కు దారి పడింది అక్కడ. స్కోరు 23-20. రెండు వారాలకు అరిజోనాలో ఫిలడెల్ఫియా ఈగల్స్‌పై 38-35తో సూపర్ బౌల్ కూడా దక్కింది. పచెకో 76 గజాలు పరిగెత్తి ఒక టచ్‌డౌన్ చేశాడు, మూర్ తన లీగ్ జీవితంలో మొదటి టచ్‌డౌన్ ఆ వేదిక మీదే చేశాడు. నాలుగేళ్లకు పచెకో ఒప్పందం 37 లక్షల డాలర్ల చిల్లర.

దీన్నిబట్టి హిల్ విషయంలో మయామి మోసపోయిందనడం తప్పు. అతను అక్కడ మొదటి రెండు సీజన్లలో 1,710, 1,799 గజాలు సాధించాడు. చీఫ్స్ తీసుకున్న పదిమందీ నిలబడ్డారనడం కూడా తప్పే. మూర్ ఆ తర్వాత కూడా రిసీవర్‌గా కుదురుకోలేదు. అదే డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివర, 262వ స్థానంలో శాన్ ఫ్రాన్సిస్కో తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ రెండేళ్లు తిరిగేసరికి తన జట్టును సూపర్ బౌల్‌లో చీఫ్స్ ఎదుట నిలబెట్టాడు. ఆ సీజన్‌కు అతని జీతం 8.7 లక్షల డాలర్లు. ఆ పొదుపుతోనే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఖరీదైన ఆటగాళ్లను పోషించగలిగింది. 2025లో అతని కొత్త ఒప్పందం ఐదేళ్లకు 26.5 కోట్లు.

చీఫ్స్ వైపు కూడా గడియారం అలాగే తిరిగింది. 2024 మార్చిలో రక్షణ వరుసకు గుండెకాయ లాంటి క్రిస్ జోన్స్‌కు ఐదేళ్లకు దాదాపు 15.9 కోట్లు రాశారు. అదే నెలలో స్నీడ్‌కు ట్యాగ్ వేసి, మూడో రౌండు పిక్ బదులుగా టెనెసీకి ఇచ్చేశారు. అతని చోటు 243వ స్థానపు వాట్సన్‌కు దక్కింది. మొదటి రౌండువాళ్లకు మాత్రమే జట్టు అయిదో ఏడాదిని తానుగా పొడిగించుకునే హక్కు ఉంటుంది. మెక్‌డఫీకి ఆ హక్కు వాడుకున్నారు, కార్లాఫ్టిస్‌కు 2025 జూలైలో నాలుగేళ్లకు 9.3 కోట్ల పొడిగింపు ఇచ్చారు. కుక్, షెనాల్, విలియమ్స్, వాట్సన్, పచెకోల నాలుగేళ్ల ఒప్పందాలు మాత్రం 2025 సీజన్‌తో ఒకేసారి ముగిసేలా రాసినవి. 2022 మార్చిలో వార్డ్, మాథ్యూ కూర్చున్న బల్లకు అటువైపు, ఆ సీజన్ ముగిశాక కూర్చునే వంతు వాళ్ల చోటుకు వచ్చిన కుర్రాళ్లదే.