గోదారి గట్టున గడ్డకట్టిన లావా

రాజమండ్రి పక్కనే కాతేరు. అవతలి గట్టుకు దాటితే పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు. ఈ పేర్లు వినగానే మేస్త్రీలకు నల్ల కంకర గుర్తొస్తుంది, భక్తులకు నిర్మలగిరి మేరీమాత గుర్తొస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులకైతే లావా గుర్తొస్తుంది. క్రషర్లలో నలిగి మన శ్లాబుల్లోకి, రోడ్లలోకి చేరుతున్న ఆ నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పారి గడ్డకట్టిన లావాయే. పుస్తకాల్లో దీన్ని 'రాజమండ్రి ట్రాప్స్' అంటారు.

మరి అగ్నిపర్వతమేదీ? ఇక్కడ లేదు! ఈ రాయి రసాయన కూర్పు పడమటి కనుమల్లో మహాబలేశ్వరం వైపు దొరికే రాళ్లతో సరిపోతోందని స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో తేల్చింది. అంటే అక్కడ ఉబికిన లావా దాదాపు 1000 కిలోమీటర్లు నడిచి మన తీరానికి చేరిందన్నమాట. భూమ్మీద అన్నిటికంటే పొడవైన లావా ప్రవాహాలు ఇవేనా అన్న ప్రశ్నను వాళ్లు వ్యాసం శీర్షికలోనే పెట్టారు. పాల మీద మీగడలా పైన పెంకు కడితే లోపలి వేడి చల్లారదు, ద్రవం ముందుకు సాగుతూనే ఉంటుంది. అది ఆనాటి నదీలోయల వెంటే పల్లానికి దిగిందని వాళ్ల అంచనా. ఇప్పటి గోదారి పుట్టుక కూడా ఆ కనుమల్లోనే, త్ర్యంబకం దగ్గర.



రెండు లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది. అందులో ఆల్చిప్పలు, నత్తగుల్లలు! లావా ఆగిన విరామంలో సముద్రపు నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయనడానికి అవే సాక్ష్యం. నాగపూర్‌లో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ 1860లో వీటిని వర్ణిస్తూ ఒక ఆల్చిప్ప జాతికి పంగిడి పేరే పెట్టాడు. ఊరివాళ్లలో ఎందరికి తెలుసో మరి. ఆ సున్నపురాయిని కాస్త గీకి వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తాయి. పక్కనున్న నల్లరాయి మీద రావు. పదేళ్ల పిల్ల కూడా చేయగల పరీక్ష ఇది.

డైనోసార్లు అంతరించిన కాలం సరిగ్గా ఈ పొరల మధ్యే పడుతుందని 2008లో చెప్పింది గెర్టా కెల్లర్ బృందం. సున్నపురాయిలోని కంటికానని సముద్రజీవుల గుల్లలే ఆధారం. ఆ తర్వాత పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల నమూనాలు కూడా ఆమె బృందం పరిశీలించింది. డైనోసార్లను చంపింది ఈ లావా వాయువులేనని ఆమె వాదన, గ్రహశకలమేనని ఎక్కువమంది మాట. ఆ తగువు అలా ఉంచితే, ఆమె కథ చూడండి. లీక్టెన్‌స్టైన్‌లో బోలెడంత సంతానమున్న రైతు ఇంట పుట్టింది, పెద్ద చదువులు మనకెందుకని చిన్న వయసులోనే కుట్టుపనిలో పెట్టారు. చివరికి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలైంది.

ఆమెలా రాళ్ల చదువు వైపు వచ్చే ఆడపిల్లలకు చిన్నప్పుడే దారి చూపే ప్రయత్నమూ ఒకటుంది: అమెరికాలో 1980 మే 18న బద్దలైన సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం దగ్గర 2015లో 'జియోగర్ల్స్' అనే వేసవి శిబిరం మొదలైంది. మిడిల్ స్కూలు ఈడు ఆడపిల్లలు గుడారాల్లో ఉండి, మహిళా శాస్త్రవేత్తల వెంట కొండ ఎక్కుతారు, రాళ్లు చదువుతారు, పరికరాలు బిగిస్తారు. అక్కడి భూగర్భ సర్వే సంస్థ అందులో భాగస్వామి.

మన దగ్గర అలాంటిది పెడితే మే నెలలో మాత్రం వద్దు. రాజమండ్రి ఎండల్లో నల్లరాతి క్వారీలోకి పిల్లల్ని దింపడం శిక్ష. కార్తీకంలో ఎలాగూ వనభోజనాలకు బస్సులు కడుతున్నారు కదా! బడి పెద్దలూ, సైన్సు టీచరమ్మలూ, ఈసారి ఒక బస్సు కాతేరు వైపో పంగిడి వైపో తిప్పండి. క్వారీ యజమాని అనుమతి ముందే తీసుకోండి, పేలుళ్లు లేని రోజు చూసుకోండి, తలకు హెల్మెట్, చేతికొక భూతద్దం ఇవ్వండి. తొందరపడాలి కూడా: ఆ రాయి రోజూ లారీలకెక్కి పోతోంది.