అమ్మ వీలునామా

ఆదివారం ఆరాధన ముగిశాక చీరాల చుట్టుపక్కల సంఘాలవారు వాడరేవు సముద్రపు ఒడ్డుకు కుటుంబాలతో వస్తుంటారు. ఒకసారి అక్కడ రెండు కుటుంబాలు పక్కపక్కనే చాపలు పరచుకొని, ఒకరివైపు ఒకరు చూడకుండానే క్యారేజీలు విప్పడం మేము చూశాం. పిల్లలు మాత్రం కలిసే ఆడుకుంటున్నారు. ఆ ఇద్దరూ సొంత అన్నదమ్ములని తర్వాత తెలిసింది. తల్లి భూస్థాపన జరిగి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. ఆదరణ కూడికలో కాపరి ముగింపు ప్రార్థన చేయగానే చిన్నవాడు జేబులోంచి ఓ కాగితం తీశాడట. అది అమ్మ వేలిముద్ర వేసిన వీలునామా. మిరప పొలం మూడెకరాలూ తనకే!

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ పొలం తండ్రి పేరున ఉండేది. ఆయన వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించాడు. మన దేశంలో క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని ప్రకారం భర్త వీలునామా లేకుండా చనిపోతే, పిల్లలున్న విధవరాలికి మూడో వంతు వస్తుంది. మిగిలిన రెండు వంతులు కొడుకు, కూతురు అనే తేడా లేకుండా బిడ్డలందరికీ సమానం. అంటే ఆ అమ్మకు హక్కున్నది ఒక్క ఎకరం మీదే. తనది కాని రెండెకరాలను ఆమె ఎవరికీ రాసివ్వలేదు, ఎంత ప్రేమతో రాసినా సరే. ఎక్కడో కాపురం ఉంటున్న ఆడపిల్లలకూ అందులో వాటా ఉంది. వారిని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు!

ఇంకో చిక్కు గురించి మన సంఘాల్లో బాహాటంగా మాట్లాడరు. సర్టిఫికెట్టులో హిందువు, ఆదివారం క్రైస్తవుడు. ఇలాంటి ఇంట్లో తగవు కోర్టుకెక్కితే లాయరు అడిగే మొదటి ప్రశ్న, ఏ చట్టం ప్రకారం పంచాలి అనే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమైతే, తండ్రి స్వార్జితంలో అమ్మకూ నలుగురు బిడ్డలకూ తలా ఐదో వంతు. క్రైస్తవ చట్టమైతే అమ్మకు మూడో వంతు. తనకు లాభం వచ్చే చట్టాన్ని బట్టి మతాన్ని గుర్తుచేసుకునే కొడుకులూ ఉంటారు.

ఇది కొత్త గొడవేమీ కాదు. బళ్ళారిలో మాథ్యూ అబ్రహాం అనే ప్రొటెస్టెంటు వర్తకుడు 1842లో వీలునామా రాయకుండా చనిపోయాడు. ఆయన వ్యాపారాల్లో సారా బట్టీ కూడా ఉండేదని చెబితే మనవారికి రుచించకపోవచ్చు. భార్య షార్లెట్‌కూ మరిది ఫ్రాన్సిస్‌కూ ఆస్తి దగ్గర చెడింది. మాది ఉమ్మడి కుటుంబం, హిందూ పద్ధతిలో నాకు వాటా ఉంది అన్నాడు మరిది. ఆ ఇంట్లోవారు ఎలాంటి బట్టలు కట్టారు, ఎలా జీవించారు అనేదాకా విచారణ సాగింది. 1854లో మొదలైన వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌లో 1863లో గాని తేలలేదు. క్రైస్తవుడైనవాణ్ణి హిందూ ధర్మశాస్త్రం కట్టివేయదని, అతడు ఏ ఆచారం ప్రకారం బ్రతికాడో చూడాలని తీర్పు వచ్చింది. ఉమ్మడి కుటుంబమన్న మరిది వాదన నిలవలేదు. రెండేళ్లకే, 1865లో, మొదటి భారత వారసత్వ చట్టం వచ్చింది. ఒక విధవరాలి పట్టుదల వెనుక ఇంత కథ ఉంది.

వీలునామా రాయడం అవిశ్వాసమని కొందరు పెద్దలు వెనుకాడతారు. మాకలా అనిపించదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులుండాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తగవు తగ్గుతుంది. బ్రతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ముఖ్యంగా కాపరులు ఒకటి గమనించాలి. సాక్షి సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు లేదా భర్తకు గాని ఆ వీలునామాలో ఏమైనా రాసి ఉంటే, ఆ భాగం చెల్లదు. సేవకునికి అరెకరం రాసి ఆయన చేతనే సాక్షి సంతకం పెట్టించే అమాయకులు ఉన్నారు.

పిత్రార్జితం పంచిపెట్టమని ఒకడు అడిగితే, ప్రభువు ఆ తగవులో తీర్పరిగా ఉండనన్నాడు (లూకా 12:13,14). చిన్నవాడు ఈ వాక్యం చూపించి, సంఘ పెద్దలు మా ఇంటి విషయంలో జోక్యం చేసుకోవద్దన్నాడట. తరువాతి వచనంలో లోభం గురించి ఉన్న మాట అతడు చదివాడో లేదో! పంపకానికి ఒప్పుకోని ఆ ప్రభువే సిలువ మీద వ్రేలాడుతూ కూడా తన తల్లి ఎవరింట ఉండాలో ఏర్పాటు చేశాడు (యోహాను 19:26,27). ఆమెకు ఇచ్చింది పొలం కాదు, ఇల్లు. ఆ గడియ నుండే శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు.

వాడరేవు అన్నదమ్ముల తల్లి చివరి మూడేళ్లూ ఎవరింట ఉందని మేము అడిగాం. కూతురింట, అన్నారు.